స్కిట్‌లు రాసేవాళ్లు ‘ఎ బ్లాక్ లేడీ స్కెచ్ షో’లో ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా: “మేం నలుగురు అమ్మాయిలం కలిసి యూట్యూబ్‌కి స్కిట్‌లు రాస్తున్నాం. అందరూ ‘ఎ బ్లాక్ లేడీ స్కెచ్ షో’ చూడమంటున్నారు. మొదటి ఎపిసోడ్ చూశాను, సగం అర్థం కాలేదు, నవ్వు కూడా పెద్దగా రాలేదు. దాంట్లో అంత గొప్పేముంది? అంత బాగుంటే నాలుగు సీజన్లకే ఎందుకు ఆగిపోయింది? మాకు పనికొచ్చేది ఏమైనా ఉందా?”

నేను చాలా ఏళ్లుగా టీవీ కామెడీ ప్రోగ్రాములకు ఎడిటింగ్ చేస్తున్నాను, మధ్యలో కొన్నాళ్లు స్కిట్‌లు కూడా రాశాను. కాబట్టి ఈ షో గురించి నా మాటల్లో ఎడిట్ రూమ్ గోల కాస్త ఎక్కువే ఉంటుంది, సర్దుకోండి.

ముందు సగం అర్థం కాకపోవడం గురించి. అందులో మీ తప్పేం లేదు. ఈ షో ఎవరికీ ఏదీ విడమరిచి చెప్పదు. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ల ఇళ్లలో, పార్లర్లలో, చర్చిల్లో నడిచే మాటలూ హాస్యాలూ అలాగే పెట్టేస్తుంది. విగ్గుల గురించి, జుట్టు గురించి, ఎవరు ఎవరిని ఏమని పిలవచ్చో దాని గురించి వచ్చే జోకులు అక్కడి తెల్లవాళ్లకు కూడా సగం అందవు. కావాలనే అలా చేశారు. మన గోదావరి జిల్లా పెళ్లి భోజనాల మీద రాసిన స్కిట్‌ను పంజాబ్ వాళ్ల కోసం ఆపి ఆపి వివరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అర్థమవుతుందేమో గానీ నవ్వు రాదు.

ఇక షో సంగతి. సృష్టికర్త రాబిన్ థీడ్. అమెరికాలో హెచ్‌బీఓ ఛానెల్‌లో 2019 ఆగస్టు 2న మొదలైంది. సీజన్‌కు ఆరు చొప్పున నాలుగు సీజన్లు, మొత్తం 24 ఎపిసోడ్లు, ఒక్కోటి అరగంట. మొదటి సీజన్‌లో ప్రధాన నటులు నలుగురు: రాబిన్ థీడ్, యాష్లీ నికోల్ బ్లాక్, గాబ్రియెల్ డెనిస్, క్వింటా బ్రన్సన్. అప్పటికే అదే ఛానెల్‌లో ‘ఇన్‌సెక్యూర్’తో పేరు తెచ్చుకున్న ఇస్సా రే దీనికి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లలో ఒకరు. మొదటి సీజన్‌కు డైమ్ డేవిస్ దర్శకురాలు, హెడ్ రైటర్ లారెన్ యాష్లీ స్మిత్. రైటర్స్ రూమ్‌లో కూర్చున్న వాళ్లందరూ నల్లజాతి మహిళలే. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, నా సమాధానం మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

నటులుగా నల్లజాతి ఆడవాళ్లు అమెరికన్ స్కెచ్ కామెడీలో (స్కెచ్ అంటే మన స్కిట్టే) అంతకుముందు లేరని కాదు. ఉన్నారు, ఒక్కొక్కరుగా. ‘సాటర్డే నైట్ లైవ్’ తీసుకోండి. 1975 నుంచి నడుస్తున్న షో అది. అందులో ప్రధాన నటవర్గంలోకి మొదటి నల్లజాతి మహిళ డానిట్రా వాన్స్ వచ్చింది 1985లో. మంచి రంగస్థల నటి. మూస పాత్రలే చేతికి వస్తుంటే విసిగిపోయి ఒక్క సీజన్‌తో వెళ్లిపోయింది. 1991లో ఎలెన్ క్లెగోర్న్, 2000లో మాయా రుడాల్ఫ్. మాయా 2007లో వెళ్లిపోయాక ఆరేళ్లకు పైగా నటవర్గంలో ఒక్క నల్లజాతి మహిళ కూడా లేదు. అదే సమయంలో వైట్‌హౌస్‌లో మిషెల్ ఒబామా ఉంది. దేశంలో అందరికంటే ఎక్కువగా టీవీలో కనిపించే ఆడవాళ్లలో ఒకరిని అనుకరించడానికి దేశంలోకెల్లా పెద్ద కామెడీ షోలో మనిషి లేరు.

మరి నల్లజాతి ఆడ పాత్రలు ఎవరు వేసేవాళ్లు? మగవాళ్లు. ఇది మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1970ల్లో ఫ్లిప్ విల్సన్ తన షోలో జెరాల్డీన్ అనే పాత్ర వేసి దేశమంతా నవ్వించాడు. 1990ల్లో ‘ఇన్ లివింగ్ కలర్’లో జేమీ ఫాక్స్ వాండా వేశాడు, తన సీరియల్‌లో మార్టిన్ లారెన్స్ షెనేనే వేశాడు. నవ్వు వచ్చేదా అంటే వచ్చేది. ఆ నటుల టైమింగ్‌ను నేను తక్కువ చేయను. కానీ ఆ పాత్రలన్నింటిలో జోకు ఒక్కటే: ఈ ఆడమనిషి ఇంత గయ్యాళి, ఇంత వికారం, పైగా తానే అందగత్తెను అనుకుంటుంది. 2013లో మొదలైన ‘జబర్దస్త్’ నుంచి మనం చూస్తున్న లేడీ గెటప్ స్కిట్‌లలో సగానికి సగం నిలబడింది కూడా ఇదే పునాది మీద. మీరు ఆ స్కిట్‌లు చూస్తూ పెరిగి ఉంటారు కాబట్టి ఈ లెక్క మీకు తెలుసు.

2013 శరదృతువులో అమెరికాలో దీని మీద పెద్ద గొడవే జరిగింది. ‘సాటర్డే నైట్ లైవ్’లో అప్పటికి చాలా ఏళ్లుగా ఉన్న కెనన్ థాంప్సన్ ఇక ఆడ పాత్రలు వేయనన్నాడు. ఆ నవంబర్ 2న నటి కెర్రీ వాషింగ్టన్ అతిథిగా వచ్చింది. షో ఆ గొడవ మీదే ఒక స్కెచ్ వేసింది. కెర్రీ మిషెల్ ఒబామాగా వస్తుంది. ఇంతలో టాక్ షోల ఓప్రా విన్‌ఫ్రీ వచ్చిందంటారు. ఓప్రాగా రావడానికి వేరే మనిషి లేదు, కాబట్టి కెర్రీ లోపలికి పరిగెత్తి గెటప్ మార్చుకుని రావాలి. తర్వాత గాయని బియాన్సే. మధ్యలో నిర్మాతల తరఫున తెర మీద అక్షరాల్లో ఆమెకు క్షమాపణ నడుస్తుంది. అంతలో తెల్లవాళ్ల పాత్ర ఒకటి కావాల్సి వస్తే హాలీవుడ్ హీరో మాథ్యూ మెకానహీ వేషంలో ఏకంగా ఆరుగురు వచ్చి నిలబడతారు. తెలివైన స్కెచ్, ఒప్పుకుంటాను. ఆ తర్వాత ప్రత్యేకంగా ఆడిషన్లు పెట్టి, 2014 జనవరిలో సషీర్ జమాటాను తీసుకున్నారు. రచయితలుగా లకెండ్రా టూక్స్, లెస్లీ జోన్స్ వచ్చారు.

కానీ ఆ స్కెచ్‌లో కూడా గమనించండి. అక్కడ జోకు ఏమిటి? ఇక్కడ నల్లజాతి ఆడది ఒక్కతే ఉంది అన్నదే జోకు. ఇంకో దానికి చోటు లేదు. ఒక్కతే ఉన్నంతకాలం ఆమె ఏం చేసినా అది ‘నల్లజాతి మహిళ చేసింది’ అవుతుంది. బద్ధకస్తురాలిగా వేస్తే జాతికి అవమానం, తెలివైనదిగా వేస్తే జాతికి గౌరవం. పాపం మామూలు మనిషిగా వేయడానికి లేదు. కామెడీకి కావాల్సింది మామూలు మనిషే కదా.

రాబిన్ థీడ్ సరిగ్గా ఇక్కడి నుంచి మొదలుపెట్టింది. ఆమె గురించి కొంచెం చెప్పాలి. అయోవా రాష్ట్రంలో పెరిగింది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో చదివింది, షికాగోలో సెకండ్ సిటీ అనే కామెడీ సంస్థలో ఇంప్రొవ్, అంటే స్క్రిప్టు లేకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ నటించడం, నేర్చుకుంది. హాస్యనటుడు రాబిన్ విలియమ్స్ పేరే ఆమెకు పెట్టారు, అలాంటి పేరుతో పుట్టి బ్యాంకులో ఉద్యోగం చేస్తే ఏం బాగుంటుంది! 2015లో కామెడీ సెంట్రల్‌లో ‘ద నైట్లీ షో విత్ లారీ విల్మోర్’ మొదలైనప్పుడు హెడ్ రైటర్‌గా చేరింది. అమెరికాలో ఒక లేట్ నైట్ టాక్ షోకి హెడ్ రైటర్ అయిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. 2017లో బీఈటీ ఛానెల్‌లో ‘ద రన్‌డౌన్’ అనే సొంత షో చేసింది, అది ఒక సీజన్‌తో ఆగిపోయింది. అంటే హెచ్‌బీఓకి వచ్చేనాటికి ఆమె కేవలం నటి కాదు. స్క్రిప్టులు ఎంచుకుని, కొట్టేసి, తిరగరాయించి, నలుగురి దగ్గర పని రాబట్టిన మనిషి. తెర మీద ముఖాన్ని మార్చడం తేలిక. ఏది జోకో, ఏది కాదో తేల్చే కుర్చీలో మనిషిని మార్చడమే కష్టం. ఈ షోలో మారింది ఆ కుర్చీ.

ఆ కుర్చీ మారితే ఏమవుతుందో చూడాలంటే మొదటి సీజన్‌లోని ‘బ్లాక్ లేడీ కోర్ట్‌రూమ్’ స్కెచ్ చూడండి. కోర్టు. లాయర్ నల్లజాతి మహిళ. ఎదుటి లాయర్ కూడా. జడ్జి కూడా. ఒకరి తర్వాత ఒకరు, గదిలో ఆ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లందరం మనమే అని తెలుసుకుంటారు. ఇక వాళ్ల సంతోషానికి అంతుండదు. వాదనలు నడుస్తూనే ఉంటాయి, చట్టం మాటలు చట్టం మాటలే, కానీ మధ్యమధ్యలో మెచ్చుకోళ్లు, కళ్లతో సైగలు, పండగ. జడ్జిగా వేసిన యివెట్ నికోల్ బ్రౌన్ గంభీరంగా ముఖం పెట్టడానికి పడే అవస్థ చూడాలి. తర్వాతి సీజన్‌లో ఇదే కోర్టును మళ్లీ తెచ్చారు.

పైపైన చూస్తే ‘అందరూ నల్లజాతి ఆడవాళ్లే’ అన్నది జోకు అనిపిస్తుంది. మొదటి అర నిమిషం నిజంగానే అదే. ఆ తర్వాత అది కరిగిపోతుంది. అందరూ ఒకటే అయ్యాక ఆ మాటకు ఇక బరువు లేదు, నవ్వు ఇంకెక్కడి నుంచో రావాలి. అది ఒక్కొక్కరి స్వభావం నుంచి వస్తుంది, వృత్తి మర్యాదకూ పట్టలేని ఆనందానికీ మధ్య పెనుగులాట నుంచి వస్తుంది. గుంపులో అందరూ ఒకేలాంటి వాళ్లయినప్పుడే మనుషుల మధ్య తేడాలు కనపడతాయి. నన్ను అడిగితే ఈ షో కనిపెట్టింది ఇదే. మిగతాదంతా దీని నుంచి పుట్టిందే.

‘ఇన్విజిబుల్ స్పై’ దీనికి పూర్తి రివర్స్‌లో వెళ్తుంది. యాష్లీ నికోల్ బ్లాక్ వేసిన గూఢచారి ట్రినిటీ ఏజెన్సీలోకెల్లా గొప్ప ఏజెంట్. ఎందుకంటే ఆమె మరీ మామూలుగా కనిపించే నల్లజాతి మహిళ, అందువల్ల ఎవరికీ కనపడదు. శత్రువుల ముందే నడిచి వెళ్లి పని కానిచ్చుకుని వస్తుంది. మాయ ఏమీ లేదు, ఎవరూ పట్టించుకోరు, అంతే. సొంత ఆఫీసువాళ్లు కూడా పట్టించుకోరు. ఇది రాసుకున్నప్పుడు జాలి పుట్టించే కథ కావచ్చు. యాష్లీ ఎక్కడా జాలి అడగదు. జేమ్స్ బాండ్ సినిమాలో హీరో ఎంత ధీమాగా ఉంటాడో అంతే ధీమాగా ఉంటుంది. ఇంప్రొవ్ చేసేవాళ్లు స్కెచ్‌కి ‘గేమ్’ ఉండాలంటారు. అంటే ఒక్క వాక్యంలో చెప్పగలిగే వింత ఒకటి ఉండాలి, ప్రతి సీన్‌లో అది ఒక మెట్టు పైకెక్కాలి. దానికి పాఠం చెప్పాలంటే ఈ స్కెచ్ చాలు. మీ నలుగురూ ముందు ఇదే చూడాల్సింది, మొదటి ఎపిసోడ్ మొత్తం మింగేయడానికి ప్రయత్నించారు.

మీకు అర్థం కానిది ‘బ్యాడ్ బిచ్ సపోర్ట్ గ్రూప్’ అయి ఉంటుందని నా అనుమానం. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా పూర్తి మేకప్, హీల్స్, విగ్గుతో మెరిసిపోవాల్సిన ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునే మీటింగ్ అది. నడిపేది సాక్షాత్తూ హాలీవుడ్ పెద్ద నటి ఏంజెలా బాసెట్. ఒకామె మెల్లగా నోరు విప్పి, నాకు ఒక్కోరోజు మామూలుగా ఉండాలనిపిస్తోంది అంటుంది. మిగతావాళ్లు హడలిపోతారు. చివరికి తేలేదేమిటంటే అద్దం వెనక నుంచి వీళ్లను ఒక మేకప్ కంపెనీ గమనిస్తోంది, ఇదంతా ప్రయోగం. మొదలైంది ఓదార్పు మీటింగ్‌గా, ముగిసింది సైన్స్ ఫిక్షన్‌గా. ఇలా చివర్లో తలకిందులు చేయడం ఈ షోకి బాగా ఇష్టం. ఆ అతిథి పాత్రకు బాసెట్‌కు 2020లో ఎమ్మీ (అమెరికా టీవీ రంగంలో పెద్ద అవార్డు) నామినేషన్ కూడా వచ్చింది.

ఇక రాబిన్ స్వయంగా వేసిన డాక్టర్ హడాసా ఒలాయింకా అలీ-యంగ్‌మన్ ఉంది. పేరు చివర ‘ప్రీ-పీహెచ్‌డీ’ అని పెట్టుకుంటుంది, అంటే పీహెచ్‌డీ ఇంకా రాలేదు, వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. తలకు ఆఫ్రికన్ వస్త్రం చుట్టుకుని, ప్రతిదాని వెనకా ఒక కుట్ర ఉందని, అసలు చరిత్ర వేరే ఉందని అనర్గళంగా ఉపన్యాసం ఇస్తుంది. మన వాట్సాప్ యూనివర్సిటీ ప్రొఫెసర్లను రోజూ ఫ్యామిలీ గ్రూపులో భరించేవాళ్లకు ఈ పాత్రకు సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు. నాకు షో మొత్తంలో ఇష్టమైన పాత్ర ఇదే. ఇందులో ఇంకో సంగతి ఉంది. ఇలాంటి పాత్రను బయటివాళ్లు రాస్తే ఆ సమాజాన్ని వెక్కిరించినట్టు ఉండేది. లోపలివాళ్లు రాస్తే మన పిన్నిని మనం ఆటపట్టించినట్టు ఉంది. ఆ చనువు నటనలో కన్నా ముందు రాతలోనే తెలుస్తుంది.

స్కెచ్‌ల మధ్య ఇంట్లో కూర్చుని కబుర్లు చెప్పుకునే నలుగురు స్నేహితురాళ్లు ఎవరని మీకు సందేహం వచ్చి ఉండాలి. బయట ప్రపంచం అంతమైపోయింది, మిగిలింది ఈ నలుగురే. వాళ్లు మాట్లాడుకునేవి మాత్రం పనికిమాలిన విషయాలు. ప్రళయం వచ్చినా కబుర్లు ఆగవు. ఇది కథ కోసమని అనుకుంటారు గానీ, ఎడిటర్‌గా నాకు కనపడేది వేరే ఉపయోగం. ఒక స్కెచ్ హారర్‌లా ఉంటుంది, పక్కది డాన్స్ పోటీలా ఉంటుంది. రెండింటినీ నేరుగా అతికిస్తే రెండోదాని మొదటి పంచ్ చచ్చిపోతుంది, ఎందుకంటే చూసేవాడి మనసు ఇంకా పాతదాంట్లోనే ఉంటుంది. మధ్యలో ఒక తెలిసిన గది, తెలిసిన నాలుగు ముఖాలు పెడితే ఆ ఇబ్బంది తీరుతుంది.

ఎడిటింగ్ దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఈ షోకి ఎమ్మీ అవార్డులు వచ్చింది ఎక్కడ అనుకుంటున్నారు? నటనకు కాదు, ఎడిటింగ్‌కి. 2021లో డేషా బ్రాడ్‌వే, స్టెఫనీ ఫైలో, జెసికా హెర్నాండెజ్ వెరైటీ కార్యక్రమాల ఎడిటింగ్ విభాగంలో గెలిచారు. ముగ్గురూ ఆడవాళ్లే, ముగ్గురూ తెల్లజాతి కానివాళ్లే. మరుసటి ఏడాది అదే అవార్డు మళ్లీ ఈ షోకే వచ్చింది. మా వృత్తిలోవాళ్లం ఈ షో గురించి ఎక్కువ మాట్లాడుకోవడానికి కారణం ఇదే.

మన కామెడీ షోల ఎడిట్ ఎలా ఉంటుందో చెప్తాను. పంచ్ పడుతుంది. వెంటనే జడ్జి నవ్వు. తర్వాత యాంకర్ నవ్వు. ఇంకా అనుమానంగా ఉంటే ఒక బీజీఎం, ఒక సౌండ్ ఎఫెక్ట్, జడ్జి కుర్చీలో వెనక్కి వాలిపోవడం. పంచ్ పేలకపోయినా ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద పేల్చేస్తాం. ఇంకో సీన్‌కి నవ్విన నవ్వు తెచ్చి ఇక్కడ అతికించడం ఎడిట్ రూముల్లో కొత్తేమీ కాదు. అంటే చూసేవాళ్లకు ఎక్కడ నవ్వాలో మేమే చూపిస్తున్నాం. ‘ఎ బ్లాక్ లేడీ స్కెచ్ షో’లో ఆ చేతికర్ర లేదు. స్టూడియోలో ప్రేక్షకులు లేరు, నవ్వుల ట్రాక్ లేదు. ప్రతి స్కెచ్‌ను చిన్న సినిమాలా తీశారు. అందుకే మీకు మొదట్లో నవ్వు రాలేదేమో అని కూడా అనుకుంటున్నాను. నవ్వమని ఎవరూ చెప్పకపోతే మన చెవి మొదట్లో కాస్త తడబడుతుంది.

అలాంటప్పుడు నవ్వు రావాలంటే ఎడిటర్ చేయాల్సింది రెండు. ఒకటి, ఏ రకం సినిమాను అనుకరిస్తున్నారో ఆ రకం కట్టింగ్‌ను నిజాయితీగా పట్టుకోవాలి. స్పై స్కెచ్ నిజంగా స్పై సినిమాలాగే కట్ అవ్వాలి, కోర్టు సీన్ కోర్టు డ్రామాలాగే ఉండాలి. ఎడిటింగే వెకిలిగా ఉంటే వెకిలితనం మీద వెకిలితనం అయిపోతుంది. మనుషులు పిచ్చిగా ప్రవర్తిస్తున్నా కెమెరా, కట్, సంగీతం మాత్రం చాలా సీరియస్‌గా ఉండాలి. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే నవ్వు. రెండోది, రియాక్షన్ షాట్. నవ్వులు అతికించలేరు కాబట్టి, ఎదుటి పాత్ర ముఖం ఎన్ని ఫ్రేములు ఉంచాలన్నదే పంచ్ అవుతుంది. కోర్టు స్కెచ్‌లో జడ్జి ముఖం మీద నిలిపిన సమయం కాస్త పెరిగినా, తగ్గినా ఆ సీన్ పడిపోయేది.

దీనికి ఖర్చు బాగా అవుతుంది, ఆ మాట ఎవరూ చెప్పరు. సిట్‌కామ్‌కి, అంటే అవే పాత్రలతో నడిచే కామెడీ సీరియల్‌కి, ఒక ఇల్లు, ఒక ఆఫీసు సెట్ వేసుకుంటే సీజన్ మొత్తం గడిచిపోతుంది. స్కెచ్ షోలో ప్రతి నాలుగు నిమిషాలకూ కొత్త లొకేషన్, కొత్త బట్టలు, కొత్త విగ్గులు. అమెరికాలో స్కెచ్ షోలు తగ్గిపోవడానికి ఇది ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం. ఎంత తగ్గాయంటే, 2021, 2022 ఎమ్మీల్లో స్కెచ్ సిరీస్ విభాగంలో నామినేషన్లు రెండంటే రెండే: ‘సాటర్డే నైట్ లైవ్’, ఇది. రెండుసార్లూ పాత షోనే గెలిచింది. 2023కి ఆ విభాగాన్నే తీసేసి వేరే దాంట్లో కలిపేశారు.

ఇక ఎందుకు ఆగింది? ఛానెల్ పీకేసిందని చాలామంది రాస్తుంటారు. 2023 జులైలో వచ్చిన వార్త ప్రకారం వేరే ప్రాజెక్టులు చేసుకోవడానికి రాబిన్ థీడ్ తానే ఐదో సీజన్ వద్దనుకుంది. నాకు అది ఆశ్చర్యంగా అనిపించలేదు. మనుషులు అప్పటికే చెదిరిపోయారు. క్వింటా బ్రన్సన్ మొదటి సీజన్ తర్వాతే వెళ్లిపోయింది. డేట్లు కుదరలేదన్నారు. ఆ తర్వాత ఆమె సొంతంగా తీసుకొచ్చిన ‘అబాట్ ఎలిమెంటరీ’ ఏబీసీలో పెద్ద హిట్ అయింది, 2022లో రచనకు ఎమ్మీ తెచ్చుకుంది. రెండో సీజన్‌కు లేసీ మోజ్లీ, స్కై టౌన్‌సెండ్ వచ్చారు. నాలుగో సీజన్‌కు యాష్లీ నికోల్ బ్లాక్, లేసీ ఇద్దరూ లేరు. వాళ్ల స్థానంలో ముగ్గురు కొత్తవాళ్లు వచ్చారు. కొత్తవాళ్లు బాగానే చేశారు గానీ, స్కెచ్ టీమ్‌లో ఒకరి టైమింగ్ ఇంకొకరికి అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది. నాలుగో సీజన్‌లో ఆ లోటు నాకు కనిపించింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చివర్లో ట్విస్ట్ పెట్టాలన్న తాపత్రయం కొన్నిచోట్ల మంచి స్కెచ్‌ను పాడుచేసింది. మూడు నిమిషాలకే పండిపోయినదాన్ని ఇంకో నిమిషం లాగారు. అతిథి తారలు మరీ ఎక్కువ. పెద్ద నటి తెర మీదికి రాగానే రాసినవాళ్లకు కూడా భక్తి పుట్టుకొచ్చి, జోకు మెత్తబడిపోయిన సందర్భాలున్నాయి. మిమ్మల్ని చూడమన్నవాళ్లు ఇవేం చెప్పి ఉండరు, మొదటిసారి చూస్తే మాత్రం ఇవే ముందు తగులుతాయి.

ఇంకో చిన్న మాట. ఎవరైనా ఇది ‘ప్రపంచంలోనే మొదటిది’ అంటే కాస్త ఆగండి. బ్రిటన్‌లో నైజీరియన్ మూలాలున్న జోసెలిన్ జీ ఎసియన్ 2006లోనే బీబీసీ త్రీలో ‘లిటిల్ మిస్ జోసెలిన్’ అనే సొంత స్కెచ్ షో చేసింది. అక్కడ అలాంటి షో దక్కిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. దానికంటే ముందు ‘త్రీ నాన్-బ్లాండ్స్’ అనే హిడెన్ కెమెరా షోలో మరో ఇద్దరితో కలిసి లండన్ వీధుల్లో జనాన్ని కంగారు పెట్టింది. అమెరికాలోనే 1969లో సీబీఎస్ గాయని లెస్లీ అగమ్స్‌కి స్కెచ్‌లు కూడా ఉన్న వెరైటీ షో ఇచ్చింది, కొన్ని వారాలకే ఆపేసింది. రాబిన్ షో ప్రత్యేకత నాయకురాలు నల్లజాతి మహిళ కావడం ఒక్కటే కాదు. రాసేవాళ్లు, తీసేవాళ్లు, నటించేవాళ్లు అందరూ అవడం.

ఇప్పుడు మీ నలుగురి సంగతి. మీ స్కిట్‌లు నేను చూడలేదు, కానీ అమ్మాయిల టీమ్‌లు మొదట్లో రాసే స్క్రిప్టులు చాలా చదివాను. పదిలో ఏడు మగవాళ్ల మీద ఫిర్యాదులే: పెళ్లిచూపులు, అత్తగారు, ఆఫీసులో బాసు, రోడ్డు మీద పోకిరి. ఫిర్యాదు న్యాయమైనదే. కానీ ఆ స్క్రిప్టులో కూడా తమాషా పాత్ర ఎవరిదో చూడండి, ఆ పోకిరిదే. అమ్మాయికి మిగిలేది కళ్లు తిప్పడం, చివర్లో ఒక గట్టి డైలాగ్ చెప్పడం. నవ్వించే పని మళ్లీ మగ పాత్రకే అప్పజెప్పారు, మీ సొంత షోలో.

దాని బదులు ఒక పని చేసి చూడండి. స్టేషన్ ఎస్ఐ, దొంగ, కానిస్టేబుల్, కంప్లయింట్ ఇవ్వడానికి వచ్చిన మనిషి, నాలుగు పాత్రలూ అమ్మాయిలకే రాయండి. అందరూ ఆడవాళ్లే అన్న సంగతి స్క్రిప్టులో ఎక్కడా ప్రస్తావించకండి. ప్యాంటు చొక్కా వేసి మీసం పెట్టే జెంట్స్ గెటప్ వద్దు, అది లేడీ గెటప్‌కు తిరగేసిన రూపమే. అప్పుడు దొంగ పిరికిదో, మాటకారో, మతిమరుపు మనిషో అయి తీరాలి, ఎందుకంటే నవ్వించడానికి వేరే దారి మిగలదు. మొదటి రెండు మూడు స్క్రిప్టులు చప్పగా వస్తాయి. కంగారుపడకండి, కొట్టేసి మళ్లీ రాయండి. ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి అన్న చివరి మాట ఎవరిదో మాత్రం ముందే తేల్చుకోండి. కెమెరా చేసే స్నేహితుడికో, ఎడిటింగ్ తెలిసిన తమ్ముడికో ఆ మాట వదిలేస్తే మీరు రాసింది ఒకటి, బయటికొచ్చేది ఒకటి అవుతుంది. మా వైపు నుంచి చెప్తున్నాను, టైమ్‌లైన్ ముందు కూర్చున్నవాడు తనకు నవ్వు రానిదాన్ని కత్తిరించేస్తాడు. కాబట్టి మీలో ఒకరు ఎడిటింగ్ నేర్చుకోండి, కష్టమేం కాదు.

ఎపిసోడ్ల వరస పట్టించుకోకండి. హెచ్‌బీఓ యూట్యూబ్ ఛానెల్‌లో కొన్ని స్కెచ్‌లు విడివిడిగా ఉన్నాయి. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని ముందు గూఢచారిది, తర్వాత డాక్టర్ హడాసా, ఆ తర్వాత కోర్టు చూడండి. ఏంజెలా బాసెట్ స్కెచ్‌కు ఆ తర్వాత తిరిగి రండి, ఈసారి ఇంకోలా కనిపిస్తుంది. కోర్టు స్కెచ్‌ను మాత్రం రెండోసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. కట్ పడిన ప్రతిచోటా ఆపి, ఆ క్షణంలో తెర మీద ఎవరి ముఖం ఉంది, మాట్లాడేవాళ్లదా, వినేవాళ్లదా అని కాగితం మీద రాసుకోండి. వినేవాళ్ల ముఖం ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తేలాక మీ పాత వీడియో ఒకటి తీసి అదే లెక్క వేసి చూడండి. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఇంకేమైనా అడగాలనిపిస్తే ఇక్కడే అడగండి, చెప్తాను.